దయ కూడా ఒక నేర్పే

అనువాదకుని బల్లమీద నిఘంటువులు ఎన్ని పేర్చి ఉన్నా కొన్ని మాటల దగ్గర కలం ఆగిపోతుంది. ఆంగ్లంలోని ‘మెర్సీ’ అటువంటి మాట. ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నప్పటికీ, ఆ మాట ఎదురైనప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు కూర్చుండిపోతాను. జాలి అందామా? జాలిలో చూసేవాడు పైమెట్టునా, ఎదుటివాడు కింది మెట్టునా ఉంటారు. దాక్షిణ్యం అందామా? అందులో మొగమాటం పాలు కొంత ఉన్నది. కృప అన్నది మన నుడికారంలో భగవంతుని సొత్తుగా స్థిరపడిపోయింది. క్షమ మరీ విశేషమైన మాట. సంస్కృతంలో అది ఓర్పుకూ పేరే, భూమికీ పేరే. దున్నినా తవ్వినా పంటనే ఇస్తుంది గనుక కాబోలు. ఇక కనికరం మన ఇళ్లలో వాడిపోని మాట. కాని గ్రంథంలో వ్రాయబోతే ఎందుకో చిన్నదిగా కనిపిస్తుంది.

ఈ చిక్కు మన ఒక్క భాషది కాదు. అరబ్బీలో భగవంతుని కరుణను చెప్పే ‘రహ్మాన్’, ‘రహీమ్’ అన్న నామాలకూ, తల్లి గర్భాన్ని చెప్పే మాటకూ ధాతువు ఒక్కటే. హీబ్రూలోనూ అంతే. కడుపులో పెట్టుకొనడం అని మనం అనడం లేదా? భాషలు వేరైనా మనిషి అనుభవం ఒకే దారిన నడిచిందన్నమాట.

మా జంషెడ్‌పూర్‌లో తెల్లవారుజామున మేలుకొన్నవారికి ఈ సంగతి చెవులతోనే తెలుస్తుంది. బిష్టుపూర్‌లో మన తెలుగువారు కట్టుకొన్న రామమందిరం ఉన్నది. మసీదులున్నాయి, గురుద్వారాలున్నాయి, చర్చీలున్నాయి. ఉక్కు కర్మాగారానికి పని వెతుక్కుంటూ దేశం నలుమూలలనుంచి వచ్చినవారు, వస్తూ వస్తూ తమ దేవుళ్లనూ వెంట తెచ్చుకొన్నారు. ఏ గుడిలో విన్నా దేవుడు దయామయుడే. అంతటితో ఆగితే ఇబ్బంది లేకపోయేది. ఆయన దయామయుడు గనుక నీవూ అలాగే ఉండమని అన్ని మతాలూ మనిషిని అడుగుతాయి. కష్టమంతా అక్కడే.

భగవంతుని గుణాలలో మనం అనుకరించదగినవి నిజానికి ఎన్ని? ఆయన సర్వజ్ఞుడు, మనకు పక్కింటి సంగతి తెలియదు. ఆయన సర్వశక్తిమంతుడు, ఆ శక్తిని అనుకరించబోయిన హిరణ్యకశిపుని గతి మనకు తెలుసు. భాగవతంలో పౌండ్రక వాసుదేవుని కథ ఉన్నది. అతడు తానే అసలైన వాసుదేవుడనని చెప్పుకొని, శంఖచక్రాలూ పీతాంబరమూ అన్నీ కృష్ణుని వాటిలాగే అమర్చుకొన్నాడు. చివరికి కృష్ణుని చేతిలోనే మరణించాడు. వేషం కుదిరింది, ఆయుధాలు కుదిరాయి. ఆ ఆయుధాలను ధరించినవాని హృదయాన్ని అనుకరించాలని మాత్రం అతనికి తోచలేదు. దేవుని ఐశ్వర్యాన్నీ అధికారాన్నీ అనుకరించేవారు పౌండ్రకులవుతారు. ఏ హానీ లేకుండా అనుకరించదగినది ఆయన దయ ఒక్కటే.

ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నవారెవరికైనా ఈ సందర్భంలో షేక్స్‌పియర్ ‘వెనిస్ వర్తకుడు’ నాటకంలోని న్యాయస్థాన దృశ్యం గుర్తుకు రాక తప్పదు. న్యాయవాది వేషంలో వచ్చిన పోర్షియా, దయ భగవంతుని లక్షణమనీ, న్యాయానికి దయ తోడైనప్పుడే మానవుని అధికారం దైవత్వానికి చేరువవుతుందనీ వాదిస్తుంది. కళాశాలలో మేము ఆ ప్రసంగాన్ని కంఠస్థం చేశాము. దాని తరువాత జరిగేదాన్ని మాత్రం ఎవరూ కంఠస్థం చేయించలేదు. షైలాక్ ఓడిపోయిన మరుక్షణం దయను పొగిడినవారే అతని ఆస్తిని పంచుతారు, మతం మార్చుకొమ్మని నిర్బంధిస్తారు. దయను గురించి సాహిత్యంలోకెల్లా సుందరంగా పలికిన ఆ సభలోనే దయకు చోటు లేకపోయింది. దయ వాక్చాతుర్యానికి చెందిన విషయం కాదని నాటకకర్త చెప్పదలచాడో ఏమో.

అయితే అది దేనికి చెందిన విషయం? మా ఊరి శివార్లలోని సుందర్‌నగర్‌లో వికలాంగుల కోసం ఏర్పడిన చెషైర్ హోమ్ ఒకటి ఉన్నది. ఆ పేరు వెనుక ఉన్న మనిషి కథ తెలుసుకోదగినది. లెనార్డ్ చెషైర్ రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళాధికారి. శత్రుభూమిమీద వందకు పైగా దాడులలో పాల్గొని 1944లో విక్టోరియా క్రాస్ అందుకొన్నవాడు. 1945 ఆగస్టు 9న నాగసాకిమీద అణుబాంబు పడినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున పరిశీలకుడుగా ఒక విమానంలోంచి ఆ దృశ్యాన్ని చూసినవాడు. పశ్చాత్తాపంతో సేవకు దిగాడని కథలల్లడం తేలిక. కాని ఆ బాంబు యుద్ధాన్ని ముగించిందన్న అభిప్రాయాన్ని ఆయన తరువాత కూడా సమర్థించుకొన్నాడు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన అంతకంటె చాలా చిన్నది.

యుద్ధానంతరం హాంప్‌షైర్‌లోని ఒక పెద్ద భవనంలో మాజీ సైనికుల కోసం ఆయన నెలకొల్పిన సహజీవన సంఘం విఫలమైంది, అప్పులు మిగిలాయి. 1948లో, ఆ సంఘంలో ఒకప్పుడు ఉన్న ఆర్థర్ డైక్స్ అనే వ్యక్తి కాన్సరుతో మరణశయ్యమీద ఉన్నాడని కబురు వచ్చింది. ఆస్పత్రిలో చేయగలిగింది లేదు, ఉంచుకొనేవారెవరూ లేరు. చెషైర్ అతని కోసం చోటు వెదికి, దొరకక, చివరకు తన ఇంటికే తీసుకువెళ్లాడు. ఆయనకు పరిచర్యలో శిక్షణ లేదు. వండిపెట్టడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం అన్నీ చేస్తూనే నేర్చుకొన్నాడు. ఆ ఆగస్టులో డైక్స్ మరణించాడు. అంతలో అటువంటి నిరాశ్రయులు మరికొందరు ఆ ఇంటి తలుపు తట్టారు. ఆ ఒక్క ఇంటినుంచి పుట్టిన సంస్థ 1950ల నడుమ మన దేశానికీ వచ్చింది, ఆపైన ఎన్నో దేశాలకు వ్యాపించింది. 1992లో ఆయన మరణించేనాటికి లోకం ఆయనను యోధునిగా కంటె ఈ గృహాల స్థాపకునిగానే ఎక్కువగా ఎరుగును. ఆయన ప్రపంచాన్ని ఉద్ధరించాలని బయలుదేరలేదు. మరొకరెవరూ తీసుకోని ఒక రోగిని తీసుకొన్నాడు, అంతే.

మన గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారి కథ కూడా ఇటువంటిదే. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలుగా వచ్చి, 1909లో కన్నుమూసేవరకు ఆమె గడప తొక్కినవారికి అన్నం పెట్టింది. వేళ అడగలేదు, కులం అడగలేదు. ఆమెను గురించి కోనసీమలో చెప్పుకొనే కథ ఒకటి నాకు ప్రాణం. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఆమె ప్రయాణమై వెళుతున్నదట. దారిలో అలసిన పెళ్లివారు కొందరు, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడుతుందని ఆకలిగొన్న పిల్లలను ఊరడించడం ఆమె చెవిన పడింది. ఆమె వెంటనే వెనుదిరిగి, వారికంటె ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. దేవుని చూడబోయి, దేవుడు చేసే పని చేయడానికి తిరిగి వచ్చిందన్నమాట. నేడు గన్నవరం దగ్గరి అక్విడక్టుకు ఆమె పేరే ఉన్నది; 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టింది.

ఇంతవరకు పెద్దల కథలు. వాటిని చదివి కళ్లు చెమర్చడం నాకూ అలవాటే. కాని ఎనిమిదేళ్ల క్రితం ఆ పరీక్ష మా ఇంటికే వచ్చింది.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా నాన్న ఉక్కు పనికై ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. నాకు పన్నెండో ఏట ఆయన పోయాడు. ఊళ్లో మా వాటాకు రావలసిన రెండెకరాల పొలాన్ని, కాగితాలు సరిచేస్తానని చెప్పి అమ్మ చేత సంతకాలు చేయించుకొని, పెదనాన్న తన పేర వ్రాయించుకొన్నాడు. ఆపైన మా ఉత్తరాలకు జవాబు లేదు. అమ్మ కుట్టుపని చేసి, అప్పడాలు ఒత్తి నన్ను చదివించింది. ఆ పెదనాన్నకు పక్షవాతం వచ్చింది. కొడుకు ఎక్కడో దూరదేశంలో ఉన్నాడు, పెద్దమ్మ లేదు. ఊరినుంచి ఫోను వస్తే, మాకు వీలు పడదని నేనే చెప్పి పెట్టేశాను. అప్పుడు నా బల్లమీద, కాకతాళీయంగా, దయను గురించిన ఒక వ్యాసం సగం అనువాదమై ఉన్నది.

సాయంత్రం అమ్మకు సంగతి తెలిసింది. నన్ను కోప్పడలేదు. “రైలుకు టిక్కెట్లు చూడు బాబూ. బావగారిని తీసుకొద్దాం” అన్నది.

“ఆయన మనకేం చేశాడో మరిచిపోయావా అమ్మా?”

“మరిచిపోలేదు. మరిచిపోతే తేవడంలో ఏముంది?”

పెదనాన్న మా ఇంట పద్నాలుగు నెలలు ఉన్నాడు. అమ్మ అన్నం కలిపి తినిపించేది. స్నానం, గడ్డం గీయడం నా వంతు. మొదటి వారాలలో ఆ కత్తి పట్టుకొన్నప్పుడల్లా నా లోపల ఏమి రగిలేదో ఇక్కడ వ్రాయడానికి సిగ్గుపడుతున్నాను. నేను మాట్లాడకుండా గీసి, తుడిచి, లేచి వెళ్లేవాణ్ణి. అయితే రోజు విడిచి రోజు ఒక మనిషి దవడను వేళ్లతో పట్టుకొని, చర్మం తెగకుండా గీయవలసినప్పుడు చేతికి మెల్లగా ఒక జాగ్రత్త అలవడుతుంది. ఏ నెలలోనో ఆ జాగ్రత్త చేతినుంచి లోపలికి పాకింది. ఆయన నన్ను క్షమాపణ అడగలేదు. మాట సరిగా రాకపోవడం వల్లనో, మనసు రాకపోవడం వల్లనో చెప్పలేను. అమ్మను మాత్రం “అమ్మా” అని పిలవడానికి ప్రయత్నించేవాడు, అది వచ్చేది.

ఆయన పోయిన పదకొండో రోజున కర్మకు వచ్చిన కొడుకు, ఊళ్లోని పాత ఇంటి స్థలంలో మిగిలిన మా భాగాన్ని వదులుకొంటున్నట్లుగా ఒక కాగితం తెచ్చి అమ్మముందు పెట్టాడు. ఇంత చేసినవారు అంత చేయరా అన్న ధీమా కాబోలు. అమ్మ అతనికి కడుపునిండా భోజనం పెట్టి, కాగితాన్ని సంతకం లేకుండానే తిరిగి ఇచ్చింది. “అన్నం వేరు నాయనా, సంతకం వేరు” అన్నది.

ఆ ఒక్క మాటతో నా సందేహం ఒకటి తీరింది. దయ అంటే న్యాయాన్ని వదులుకొనడమని నేను ఎన్నాళ్లుగానో భయపడుతూ ఉన్నాను. మా ఊరి చరిత్రే చెబుతుంది: ఇక్కడి కర్మాగారంలో 8 గంటల పనిదినం 1912లో వచ్చింది, ఉచిత వైద్యం 1915లో, జీతంతో కూడిన సెలవు 1920లో వచ్చాయి. చట్టాలు వీటిని దేశమంతటికీ విధించింది ఎన్నో ఏళ్ల తరువాత. ఆ కాలానికి అది నిస్సందేహంగా ఉదారబుద్ధి. అయినా కార్మికులు 1920, 1922, 1928లలో సమ్మెలు కట్టవలసి వచ్చింది. ఇచ్చేవాని దయ ఎంత గొప్పదైనా పుచ్చుకొనేవాని హక్కుకు అది బదులు కాదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండగలవని, ఏ గ్రంథమూ చదవని అమ్మకు తెలుసు.

సుమతీ శతకకారుడు అపకారికి ఉపకారం చేసేవానిని ఏమన్నాడో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పుణ్యాత్ముడనలేదు, మహాత్ముడనలేదు; నేర్పరి అన్నాడు. చిన్నప్పుడు అది యతి కోసం పడిన మాట అనుకొన్నాను. ఇప్పుడు అలా తోచడం లేదు. నేర్పు అన్నది కమ్మరికీ కుమ్మరికీ కొలిమి దగ్గరి కార్మికునికీ ఉండేది. అది ఉపదేశంతో రాదు, కన్నీళ్లతోనూ రాదు. చేయగా చేయగా చేతికి వస్తుంది. చెషైర్ పక్కలు మార్చి నేర్చుకొన్నాడు, సీతమ్మగారు వండి వడ్డించి నేర్చుకొన్నది. మనసు మారిన తరువాత దయ చూపుదామని కూర్చున్నవారు బహుశా అలాగే కూర్చుని ఉంటారు. నా మటుకు నాకు మనసు పూర్తిగా మారిందని నేటికీ చెప్పలేను. పొలం మాట తలపుకు వస్తే ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అయినా ఆ పద్నాలుగు నెలలలో ఆయన చర్మం ఒక్కసారి కూడా తెగలేదు.

ఇక ఆ ఆంగ్లపదం సంగతి. ఆ వ్యాసం అనువాదం అప్పట్లో చాలాకాలం ఆగిపోయి, సంపాదకులు రెండు జాబులు వ్రాశాక గాని పూర్తి కాలేదు. ఆ మాట వచ్చిన చోట నిఘంటువు తెరవకుండానే ‘కనికరం’ అని వ్రాసి పంపాను. ఎవరూ మార్చలేదు.