పున్నమికి ముందే

కిందటి కార్తిక పున్నమినాడు మా అమ్మను కొవ్వూరు గోష్పాదక్షేత్రానికి తీసుకువెళ్లాను. సాయంకాలం గోదావరి ఆవలి ఒడ్డున, రాజమహేంద్రవరం మీదుగా చంద్రుడు పైకి వస్తూంటే నాకు సరదా పుట్టింది. అమ్మను రేవు మెట్లమీద నిలబెట్టి, సెల్‌ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాను. తీరా చూద్దును గదా, అమ్మ చీకటిముద్ద, చంద్రుడు సున్నపుబొట్టు!

"పోనీలేరా, మళ్లీ పున్నమి రాదూ?" అంది అమ్మ.

ఆమెకు 84 ఏళ్లు. నవ్వుతూనే అంది గాని, ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

నా తప్పెక్కడుందో ఆన్సెల్ ఆడమ్స్ తీసిన బొమ్మ ఒకటి చూశాక తెలిసింది. ఆయన అమెరికాలో పేరుమోసిన ఫోటోగ్రాఫరు. 1941 నవంబరు 1న పగలంతా తిరిగినా మంచి బొమ్మ కుదరక, న్యూ మెక్సికోలో కారుమీద తిరిగివస్తున్నాడు. హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర పక్కకు చూస్తే ఏముంది! దూరాన మంచుకొండలు, మబ్బులు, పైన చంద్రుడు; కింద సమాధులమీది తెల్లని శిలువలకు పొద్దుగూకే వేళ చివరి ఎండ. గబగబా కారు ఆపి పెద్ద కెమేరా నిలబెట్టాడు. వెలుతురు కొలిచే మీటరు కనబడలేదు! అయితేనేం, చంద్రుడి కాంతి చదరపుటడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు కంఠతా వచ్చు. దాన్నిబట్టి లెక్కకట్టి ఒక్క బొమ్మ తీశాడు. రెండోది తీసేలోగా శిలువలమీద ఎండ పోయింది.

ఆ తేదీ ఆయనకే సరిగా గుర్తులేదు. చంద్రుడున్న చోటునుబట్టి లెక్కలు కట్టి 1991లో తేల్చారు. ఆనాటికి పున్నమి ఇంకా రెండు రోజులుంది. కిటుకంతా అక్కడే ఉంది సుమండీ! పున్నమినాడు సూర్యుడు అస్తమించే వేళకు గాని చంద్రుడు ఉదయించడు. ఆయన పైకి వచ్చేసరికి నేలమీద చీకటి. ఆయనో, ఎండలో ఉన్న బండరాయి వంటివాడు. ఆ వెలుగునూ ఈ చీకటినీ ఒక్క బొమ్మలో ఇమడ్చడం కష్టం. త్రయోదశి, చతుర్దశినాళ్లలో అయితే పొద్దుండగానే చంద్రుడు వచ్చేస్తాడు. రేవులో నిలబడ్డ మనిషి ముఖంమీద పడమటి ఎండా ఉంటుంది, వెనక చంద్రుడూ ఉంటాడు.

పంచాంగం తిరగేశాను. ఈ నెల త్రయోదశి ఆదివారం పడింది. సంగతి అమ్మతో చెప్పాను.

"పున్నమి రాకుండా గోదావరేమిట్రా?" అని కేకలేసింది.

కాసేపటికి చూస్తే, పెట్టె తీసి పట్టుచీర దులుపుతోంది.