పాట మోగింది, పైస రాలె: బ్రాంక్స్ అక్కజెల్లెండ్ల ముచ్చట మనకెందుకు?

పెండ్లి బరాత్‌ల డీజే మోగుతది. మన ఊరి పాటను నాలుగు ముక్కలు కోసి, కింద బేస్ వెట్టి, తిప్పిందే తిప్పుతరు. పోరగాళ్లు చెమటలు గారంగ ఎగురుతరు. గా పాట ఎవలు రాసిండ్రు, ఎవలు పాడిండ్రు అని అడుగుండ్రి. చెప్పెటోడు ఒక్కడుండడు. యూట్యూబ్‌ల లక్షల మంది సూసిన పాటకు సుత రాసినాయన పేరు కింద ఎక్కడ్నో సూది మొనంత ఉంటది. కొన్నిట్ల అది సుత ఉండది.

గిది మన ఒక్కల బాధ కాదు. నలభై ఏండ్ల కింద అమెరికాల, న్యూయార్క్ పట్నంల, సౌత్ బ్రాంక్స్ అనే పేదోళ్ల బస్తీల నలుగురు నల్లజాతి అక్కజెల్లెండ్లకు గిదే అయ్యింది. వాళ్ల బ్యాండ్ పేరు ఈ.ఎస్.జి. మన దిక్కు వాళ్ల పేరు ఎరికున్నోళ్లు తక్కువ. కాని వాళ్ల పాట ముక్క మీరు ఎక్కడ్నో ఓ కాడ విన్నరు. ఎట్లనో చెప్త.

ముందుగాల గా బస్తీ ముచ్చట. 1970లల్ల సౌత్ బ్రాంక్స్ అంటె కాలుతున్న ఇండ్లు. నడుమలకెళ్లి పెద్ద హైవే ఏసి వాడలను చీల్చిండ్రు. కిరాయిలు సరిగ రాని బిల్డింగులను కొందరు ఓనర్లు బీమా పైసల కోసం అంటువెట్టిచ్చిండ్రు. గదే టైంల పైసల్లేవని సర్కారు ఫైర్ స్టేషన్లను బంద్ వెట్టింది. పనులు లేవు, బడులు సక్కగ లేవు, సందుకో గ్యాంగు. గసొంటి కాడ సర్కారు కట్టిచ్చిన ఇండ్లల్ల ఉండే ఓ తల్లి, బిడ్డలు బజార్ల వడి ఆగం కావద్దని వాళ్లకు వాయిద్యాలు కొనిచ్చింది. గిటారు, డ్రమ్ములు. పాఠం చెప్పే గురువును వెట్టే స్తోమత లేదు. పోరీలు టీవీల సూసి, రేడియోల విని, కొట్టుకుంట కొట్టుకుంటనే నేర్సిండ్రు.

పెద్దది రెనీ పాడేది, గిటారు వాయించేది. వాలెరీ డ్రమ్ములు. డెబొరా బేస్. మెరీ కాంగోలు. కాంగో అంటె చేతులతోని కొట్టే పొడుగు డోలు. గా బస్తీల పోర్టోరికో నుంచి వచ్చిన కుటుంబాలు మస్తుగుండేటివి. ఎండకాలం పార్కుల గాళ్లు కొట్టే కాంగోల సప్పుడు కిటికీలకెళ్లి ఇంట్లకు వచ్చేది. ఒక దిక్కు గా సప్పుడు, ఇంకో దిక్కు జేమ్స్ బ్రౌన్ పాటలల్ల మాటలన్ని ఆగి ఒట్టి దరువే మిగిలే ముక్క. ఈ రెండిట్ల నుంచి వాళ్ల పాట పుట్టింది. బ్యాండ్ పేరుల మూడక్షరాలు ఎమరాల్డ్, సఫైర్, గోల్డ్. వాలెరీ జన్మరాయి పచ్చ, రెనీది నీలం. బంగారం ఎందుకంటె, ఎప్పటికన్న లక్షల రికార్డులు అమ్ముడువోయి గోల్డ్ రికార్డు రావాలె అనే ఆశ.

వీళ్ల సంగీతాన్ని డ్యాన్స్ పంక్ అంటరు. పంక్ అంటె సంగీతం చదువుకున్నోళ్లే స్టేజీ ఎక్కాలె అనే మాటను తన్ని తగిలేసిన సంగీతం. రెండు మూడు మెట్లు వస్తె సాలు, కడుపుల మంట ఉంటె సాలు, ఎక్కి కొట్టుడే. దానికి ఎగిరే దరువు కలిపితె డ్యాన్స్ పంక్. ఈ.ఎస్.జి. వాళ్లకు గా పేరు సుత ఎరుక లేదు, మేం ఎగిరెతందుకే పాటలు చేసినం అన్నట్టే ఉండేటోళ్లు. వాళ్ల పాటల బొక్కలు తప్ప మాంసం ఉండది. బేస్ ఒక్కటే మలుపు మళ్ల మళ్ల తిరుగుతది, డ్రమ్ము నిలకడగ కొడతది, నడుమ జాగ ఖాళీగ ఉంటది. మన డప్పు దరువు తీరే. తక్కువ కొట్టి ఎక్కువ ఎగిరిచ్చుడు. గా ఖాళీ జాగనే తర్వాత వాళ్ల కొంప ముంచింది. జర ఆగుండ్రి, చెప్త.

టాలెంట్ షోలల్ల వాయించుకుంట తిరిగిన ఈ పోరీలను, ఓ పోటీల జడ్జిగ కూసున్న ఎడ్ బాల్‌మన్ అనే ఆయన సూసిండు. ఆయనకు మాన్‌హట్టన్‌ల 99 రికార్డ్స్ అనే చిన్న దుకాణం ఉండె, లేబుల్ సుత నడిపెటోడు. ఆయన చెయ్యి పట్టుకొని క్లబ్బులల్ల షోలు ఇప్పిచ్చిండు. తోలు కోట్లు ఏసుకున్న తెల్ల పంక్ పోరగాళ్లు, బ్రాంక్స్ నుంచి వచ్చిన పోరీల దరువుకు ఎగురుడు షురూ చేసిండ్రు. హుర్రా అనే క్లబ్బుల వీళ్లను ఇంగ్లండ్ మాంచెస్టర్ పట్నం నుంచి వచ్చిన టోనీ విల్సన్ విని, రికార్డు చేద్దామన్నడు. జాయ్ డివిజన్ రికార్డులు చేసిన మార్టిన్ హానెట్ కూసోవెట్టి రికార్డు చేసిండు. పాటలు అయిపోయినంక టేపుల ఇంకో మూడు నిమిషాల జాగ మిగిలింది, ఇంకేమన్న ఉన్నదా అని అడిగిండ్రట. ఉన్నదని వాళ్లు వాయించిన పాట ‘యూ.ఎఫ్.ఓ.’. రెనీనే తర్వాత ఎన్నోసార్లు చెప్పిన ముచ్చటిది.

1981ల గా రికార్డు వచ్చింది. క్లాష్ అసొంటి పెద్ద పెద్ద బ్యాండ్ల కన్న ముందు స్టేజీ ఎక్కిండ్రు. 1982ల మాంచెస్టర్‌ల హాసియెండా క్లబ్బు తెరిచిన రాత్రి వాయించిండ్రు. న్యూయార్క్‌ల ప్యారడైజ్ గ్యారేజ్ అనే మశూర్ క్లబ్బుల లారీ లెవాన్ అనే డీజే వీళ్ల పాటలను రాత్రుల పొంట వెట్టేటోడు. 1983ల పూర్తి ఆల్బం వచ్చింది. సొంత పట్నంల పేరొచ్చింది. పంకోళ్లు మావాళ్లన్నరు, డిస్కోవోళ్లు మావాళ్లన్నరు, హిప్‌హాప్ పోరగాళ్లు మావాళ్లన్నరు.

పేరొచ్చింది గద, బతుకు మారాలె గద? మారలె.

ఎందుకు మారలె అన్నదే అసలు ముచ్చట. ఒకటొకటి సూద్దాం.

మొదటిది లేబుల్ మునుగుడు. 99 రికార్డ్స్‌ల ఇంకో బ్యాండ్ ఉండె, లిక్విడ్ లిక్విడ్ అని. వాళ్ల పాటల బేస్ దరువును షుగర్‌హిల్ రికార్డ్స్ అనే కంపెనీ పాట ‘వైట్ లైన్స్’ల మళ్ల వాయిచ్చిండ్రు. గది 1983ల మస్తు హిట్టయింది. బాల్‌మన్ కోర్టుకు ఎక్కిండు. కొట్లాట ఏండ్లకేండ్లు సాగింది. ఆఖరికి షుగర్‌హిల్ దివాళా తీసింది, ఇటు 99 రికార్డ్స్ సుత మూతవడ్డది. న్యాయం మన దిక్కున్నా సరే, కోర్టు ఖర్సు చిన్నోడిని ముందు మింగుతది. లేబుల్ మూతవడితె దాన్ని నమ్ముకున్న అక్కజెల్లెండ్లు రోడ్డు మీదికొచ్చిండ్రు.

రెండోది యంత్రం. 1980ల నడుమ శాంప్లర్ అనే మిషిని చవ్కగ దొరుకుడు షురువైంది. పాత రికార్డుల నుంచి రెండు సెకండ్ల సప్పుడు కోసుకొని, గిర్కిలెక్క తిప్పి, మీద మాట కైగట్టొచ్చు. గట్ల కోసెతందుకు ఎసొంటి పాట కావాలె? సప్పుళ్లు ఒకదాని మీదొకటి ఎక్కని పాట, నడుమ ఖాళీ జాగ ఉన్న పాట. టేపుల మిగిలిన మూడు నిమిషాలల్ల వాయించిన ‘యూ.ఎఫ్.ఓ.’ అచ్చం గసొంటిదే. గా సైరన్ అసొంటి ఒర్రుడును, గా దరువును వందల పాటలల్ల వాడుకున్నరు. 1988ల వచ్చిన బిగ్ డాడీ కేన్ పాటల ఉన్నది, పబ్లిక్ ఎనిమీ పాటల ఉన్నది, తర్వాత నటోరియస్ బి.ఐ.జి. పాటల ఉన్నది. హిప్‌హాప్ వినెటోళ్లు ఈ.ఎస్.జి.ని ఎరుకలేకుంటనే విన్నరు అనేది గిందుకే.

మూడోది చట్టం ఆలస్యం. శాంప్లింగ్ ఏండ్లకేండ్లు అడిగెటోడు లేకుంట నడిచింది. 1991ల న్యూయార్క్ కోర్టుల బిజ్ మార్కీ అనే ర్యాపర్ కేసు మీద, పర్మిషన్ లేకుంట ముక్క కోసుకునుడు నడువదని తీర్పొచ్చింది. అప్పటికే ‘యూ.ఎఫ్.ఓ.’ ఊరంతా తిరిగొచ్చింది. 1992ల అక్కజెల్లెండ్లు ఓ రికార్డు తెచ్చిండ్రు. దాని పేరు ‘శాంపుల్ క్రెడిట్స్ డోంట్ పే అవర్ బిల్స్’. మా పాట ముక్క వాడుకున్నమని పేరు రాస్తె మా ఇంటి బిల్లులు తీరయి, అని దానర్థం. వాళ్ల బతుకు మొత్తం గా ఒక్క పేరుల ఉన్నది.

ఇక్కడ ఓ మాట సాఫుగ చెప్పాలె. కోసుకునుడే పాపం అని నేను అంటలేను. హిప్‌హాప్ పుట్టింది సుత గదే బ్రాంక్స్‌ల. వాయిద్యాలు కొనలేని పోరగాళ్లు రికార్డు ప్లేయర్లనే వాయిద్యం చేసుకున్నరు. పబ్లిక్ ఎనిమీ నల్లజాతి కొట్లాటను పాట చేసింది. ఓ పేదోడు ఇంకో పేదోడి పాటను అందుకొని ముందటికి కొంచవోవుడు తప్పు కాదు, జానపదం బతికిందే గట్ల. నా కోపం నడుమల ఉన్నోళ్ల మీద. ఎగిరినోడు పేదోడే, వాయించినోళ్లు పేదోళ్లే. రికార్డులు అమ్మిన కంపెనీల గల్లాలు నిండినయి. 1991 తీర్పు తర్వాత సుత వకీలు ఉన్నోళ్లకే పైసలు రాలినయి. చట్టం పుస్తకంల ఉంటె సాలదు, దాన్ని వాడుకునే తాకతు ఉండాలె.

ఇగ మన దిక్కు సూద్దాం. తెలంగాణ కొట్లాటల పాటనే ముందు నడిచింది, ధూంధాంలల్ల కాళ్లకు గజ్జె కట్టినోళ్లను నా తరం కండ్లార సూసింది. గిప్పుడు మీ తరానికి సెల్‌ఫోనే స్టేజీ. ఊరి పోరడు పాట రాస్తడు, పోరి పాడుతది, ఓ చానెల్ షూట్ చేస్తది. వచ్చేది ఒకటేసారి చేతుల వెట్టే ఇంతంత పైసలు. ఇంగ్లీషుల రాసిన కాయితం మీద సంతకం. నాకు ఎరికైన ఓ రచయిత అయితె ఒక పాటకు తీసుకున్న పైసలు తిరుగుడు కిరాయిలకే అయినయి. పాట మాత్రం ఇంక మోగుతనే ఉన్నది.

నేను కాలేజీ మెట్లెక్కినోణ్ని కాదు. కాపీరైట్ చట్టాన్ని డిక్షనరీ పక్కకు వెట్టుకొని చదివిన. అండ్ల ఉన్న నాలుగు ముచ్చట్లు తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెప్తున్న, యాది వెట్టుకోండ్రి.

ఒకటి, పాట రాసిన నిమిషమే అది నీది. రిజిస్టర్ చేస్తెనే హక్కు అనేది ఉత్త మాట. రిజిస్టర్ చేసుకుంటె రుజువుకు పనికొస్తది, గంతే.

రెండు, హక్కు ఇచ్చుడు కాయితం మీదనే, నీ సంతకంతోనే నడుస్తది. నోటి మాట చెల్లది. కాయితంల ఎన్నేండ్లకు అని రాయకుంటె చట్టం ప్రకారం 5 ఏండ్లే. ఏ జాగలకు అని రాయకుంటె మన దేశానికే. గందుకే చానెలోళ్లు ‘ఎల్లకాలం, లోకమంతట’ అని రాపిచ్చుకుంటరు. గా రెండు మాటలు కాయితంల ఎక్కడున్నయో ముందు ఎతుకుండ్రి.

మూడు, 2012ల చట్టం మార్చిండ్రు. గా మార్పు తర్వాత, రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు పాట హక్కు అమ్ముకున్నా సరే, రాయల్టీల సమాన వాటా తీసుకునే హక్కును వదులుకునుడు కుదరది. వారసులకు ఇయ్యొచ్చు, వసూలు చేసే సొసైటీకి ఇయ్యొచ్చు. గా సొసైటీనే ఐ.పి.ఆర్.ఎస్. సినిమా పెద్దోళ్లకే కాదు, ఊరి రచయిత సుత దాంట్ల మెంబరు కావొచ్చు. పాడెటోళ్లకు సుత చట్టంల వేరేగ హక్కున్నది.

నాలుగు, మీ అవ్వ పాడిన పాట, బతుకమ్మ కాడ తరాల నుంచి పాడే పాట ఎవ్వల సొత్తు కాదు. దాన్ని రికార్డు చేసినోడికి గా రికార్డింగు మీదనే హక్కు, పాట మీద కాదు. గా పాట మాదే అని ఎవడన్న మీ వీడియో మీద క్లెయిమ్ ఏస్తె భయపడి తీసెయ్యకుండ్రి. యూట్యూబ్‌లనే ఎదురు అప్పీలు పెట్టుండ్రి.

ఇవి తెల్సుకునుడు మన పని. అయితె పోరగాళ్లు హుషారుగ ఉండాలె అని చెప్పి సర్కారు చేతులు దులుపుకుంటె నడువది. పాట మీద వచ్చిన రాష్ట్రం ఇది. జిల్లకో కాడ కళాకారుల కాయితాలు సదివి చెప్పే వకీలును కూసోవెట్టుడు పెద్ద ఖర్సు కాదు. చానెల్‌కు, రచయితకు నడుమ ఒప్పందం ఎట్లుండాలె అని తెలుగుల ఓ నమూన కాయితం సాంస్కృతిక శాఖ ఇయ్యొచ్చు. బరాత్‌ల ఎగిరే మనం సుత ఓ పని చెయ్యొచ్చు. రీల్ పెట్టినప్పుడు రాసినోళ్ల పేరు, పాడినోళ్ల పేరు పైకెల్లి రాయాలె.

ఈ.ఎస్.జి. అక్కజెల్లెండ్లు ఓడిపోయి ఇంట్ల కూసోలె. 2000ల లండన్‌ల సోల్ జాజ్ అనే కంపెనీ వాళ్ల పాత పాటలను ఏరి ‘ఎ సౌత్ బ్రాంక్స్ స్టోరీ’ అని తెచ్చింది. కొత్త తరం వాళ్లను విన్నది. 2002ల కొత్త ఆల్బం చేసిండ్రు. రెనీ బిడ్డ, వాలెరీ బిడ్డ సుత బ్యాండ్ల కలిసిండ్రు. అవ్వ కొనిచ్చిన వాయిద్యాలతోని షురువైన దరువు మనుమరాండ్ల దాకా వచ్చింది. బంగారు రికార్డు మాత్రం రాలె.

మన ఊళ్లల్ల గసొంటి దరువున్న పోరీలు, పోరగాళ్లు మస్తుగున్నరు. వాళ్లకు చప్పట్లు సరిపోను కొడుతున్నం. ఇగ వాటా సుత అడుగుదాం.