పర్చా తరాజు కాదు

ఒక్క ఇమ్తెహాన్ పర్చా చూసి ఇన్సాన్ కీమత్ కట్టేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. "ఫౌజ్‌లో సిపాయిల్నే టెస్టు పెట్టి తీసుకుంటారు, మన పిల్లల్ని పర్చాతో తూచితే గలత్ ఏంటి?" అని వాళ్ల దలీల్. సరే, ఆ ఫౌజీ టెస్టుల తారీఖే చూద్దాం.

1917లో అమెరికా జంగ్‌లోకి దిగింది. రాబర్ట్ యెర్కీస్ అనే సైకాలజిస్టు సర్దారీలో ఆర్మీ ఆల్ఫా, చదువురాని వాళ్లకు ఆర్మీ బీటా టెస్టులు తయారయ్యాయి. దాదాపు 17 లక్షల మందికి పెట్టారు. ఆల్ఫాలో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే ఏమిటి? మందా, టూత్‌పేస్టా, తినే వస్తువా? అది అక్కడి దుకాణాల్లో దొరికే డాల్డా లాంటిది. వేరే ముల్కు నుంచి వచ్చి, తంటాలుపడి ఇంగ్లీషు నేర్చుకున్నవాడికి ఆ డబ్బా పేరెలా తెలుస్తుంది? తెలియకపోతే అకల్ తక్కువని లెక్క!

1923లో కార్ల్ బ్రిగమ్ ఆ నతీజాలతోనే కితాబు రాసి, దక్షిణ, తూర్పు యూరప్ వాళ్ల బుద్ధి తక్కువరకమని ఫైసలా చెప్పేశాడు. అమెరికాలో ఎక్కువ ఏళ్లున్న వలసవాళ్లకు ఎక్కువ మార్కులొచ్చాయని ఆ లెక్కల్లోనే గవాహీ ఉంది. అంటే పర్చా కొలిచింది అకల్‌ని కాదు, ఆ ముల్కు అలవాటుని. ఆయన మాత్రం కొత్తగా వస్తున్నవాళ్లే నాసిరకమన్నాడు. 1930లో తన మాట నిలబడదని తానే ఒప్పుకున్నాడు. ఏం ఫాయిదా? 1924 చట్టంతో ఆ ముల్కుల వాళ్లకు దర్వాజా దాదాపు మూసేశారు.

అట్లాగని టెస్టులన్నీ బేకార్ అనడమూ ఇన్సాఫ్ కాదు. 1980లలో అమెరికా ఆర్మీ 'ప్రాజెక్ట్ ఎ' పేరుతో వేలమంది సిపాయిల చేత పని చేయించి చూసింది. పర్చాలో బాగా రాసినవాళ్లు మొత్తమ్మీద తమ పని హునర్‌లోనూ ముందున్నారు. కానీ ఎవరు మెహనత్ చేస్తారు, ఎవరు కాయిదా తప్పకుండా ఉంటారు అనేది ఆ పర్చా అంత బాగా చెప్పలేకపోయింది. మిజాజ్ గురించి విడిగా అడిగిన ప్రశ్నలే దాన్ని మెరుగ్గా చెప్పాయి.

కాబట్టి పర్చాని పని గురించి అడిగితే కొంత నిజం చెబుతుంది. కౌమ్ గురించి అడిగితే అబద్ధం చెబుతుంది. మీ ఔలాద్‌ని ఎవరైనా ఒక్క ర్యాంకుతో తూచడానికి వస్తే తలొంచుకోకండి. మూడు మాటలు అడగండి: ఏ పని కోసం ఈ టెస్టు? ఎవరి జబాన్‌లో? గెలిచినవాళ్ల చేత ఆ పని చేయించి చూశారా?