ఎండిన బోరుకు మూత ఎవరు వేయాలి?

కల్యాణదుర్గం వైపు చేలల్లో బోరులో నీళ్లు పడకపోతే రైతు కేసింగ్ పైపు పీకించుకుంటాడు. అప్పు తెచ్చి వేయించిన బోరులో తిరిగి చేతికొచ్చేది అదొక్కటే. మిగిలేది జానెడు గుంత, దానిమీద ఓ గోతం, ఓ రాయి. వదిలేసిన బోరును అడుగు నుంచి పైదాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఓ పసిపాప బోరుగుంతలోనే కన్నుమూసింది. బిడ్డ పోతే తల్లి కోర్టుకెక్కి పోరాడాలని అనొచ్చు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు మంటల్లో ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్న నీలం కృష్ణమూర్తి, మిగతా బాధిత కుటుంబాలను కూడగట్టి దశాబ్దాల పాటు కోర్టు మెట్లెక్కింది. ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతాను. కానీ కూలికి పోకపోతే పొయ్యి వెలగని మా సీమ తల్లిని కూడా అలాగే పోరాడమనడం అన్యాయం. బిడ్డను మింగిన గుంత సొంత చేలోదే అయితే ఆమె ఎవరిని నిలదీయాలి? మూత బిగించందే బోరుబండి చేను దాటకూడదు. నీళ్లు పడని గుంతను పూడ్చే ఖర్చు సర్కారే పెట్టుకోవాలి. పాత గుంతల లెక్క ఊరూరా సచివాలయంలో ఉండాలి, అదీ ఈసారి వేరుశనగ విత్తనం పడేలోపే.