గిట్ట కుళ్లితే పసుపుతో సరిపెట్టుకోవాలా?

మొయినాబాద్ చుట్టుపక్కల ఫాంహౌసుల్లో గుర్రాలను పెంచుతున్నారు. అక్కడ పనికి పోయే మా చిన్న మంగళారం వాళ్లు చెప్తుంటారు: రోజూ గుర్రం నాలుగు కాళ్లూ ఎత్తి, డెక్కలో ఇరుక్కున్న పేడ, మట్టి, రాళ్లు గీకి తీస్తారట. కింద పొడి పొట్టు పరుస్తారట. డెక్క మెత్తబడి నల్లగా కారి వాసన వస్తే అదే రోజు డాక్టరు కారులో దిగుతాడట. మంచిదే, నోరులేని జీవి. కానీ మా కొట్టంలో ఎద్దు మూడు రోజులుగా కాలు కింద పెట్టలేకపోతే మాకు దొరికేది ఒక్క సలహా: "పసుపు, వేపనూనె రాయండి, తగ్గుతది."

రాస్తూనే ఉన్నాం. పుండు కడిగి, తుడిచి, ఆరబెడతాం. కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి గుప్పెడేసి, పది వెల్లుల్లి రెబ్బలు, 20 గ్రాముల పసుపు పావు లీటరు నువ్వుల నూనెలో కాచి, చల్లారాక పూస్తాం. ఇది ముసలమ్మల వైద్యమని నవ్వేవాళ్లకు ఒక మాట: జాతీయ పాడి అభివృద్ధి బోర్డు కూడా ఇదే నేర్పుతున్నది. పురుగులు పడితే మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద గానీ, కర్పూరం కలిపిన కొబ్బరినూనె గానీ పెట్టాలి. లీటరు నీళ్లకు 50 గ్రాముల మైలుతుత్తం కలిపి గిట్టలు తడిపినా పని చేస్తది. ఆ నీళ్లు గొర్రెలు తాగితే ప్రాణం మీదికి వస్తది, కుంటలో పారబోయొద్దు. కిరోసిన్ పోయడం, ఇనుము కాల్చి వాత పెట్టడం మాత్రం మందు కాదు, హింస. మనలో ఇంకా చేసేవాళ్లున్నారు, దాచడం ఎందుకు?

అసలు మందు పొడి నేల. పేడ, మూత్రం కలిసిన బురదలో రాత్రంతా నిలబడ్డ పశువుకు ఏ ఆకు పూసినా తెల్లారేసరికి మళ్లీ మొదటికే.

ఇంటి వైద్యం ఇంతవరకే. ఒక్క కాలు గిట్టల సందున పుండై వాసన వస్తే అది గిట్ట కుళ్లు. కాలు వాచి జ్వరం వస్తే డాక్టరు సూది వేయాల్సిందే. చొంగ కారుతూ, నోట్లో పొక్కులు లేచి, పక్క పశువు కూడా కుంటితే అది గాలికుంటు. వైరస్ జబ్బు. అప్పుడు ఆకు మందు నొప్పి తగ్గిస్తది, పురుగు పట్టనియ్యదు, అంతే. ఈ జబ్బు గుర్రానికి రాదు. చీలిన గిట్టలున్న ఆవు, బర్రె, గొర్రె, మేక, పందికే వస్తది. అంటే ఫాంహౌసు గోడ దాటదు, మన కొట్టాన్ని వదలదు.

దీనికి టీకా ఉంది, ఉచితం. గాలికుంటును, బ్రూసెల్లాను అరికట్టడానికి 2019 సెప్టెంబరులో కేంద్రం 13,343 కోట్లతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయాలి, చెవికి 12 అంకెల పోగు వేయాలి. పోగులు పడ్డాయి. మా సభ్యుడొకరి బర్రెకు పోగు వేసి, "టీకా అయిపోయింది, వచ్చే వారం" అని పోయారు. ఆ వారం ఇంకా రాలేదు. వానలకు బర్రె నోరు పొక్కింది. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది లీటరుకు పడింది. ఆయన ఇంట్లో పిల్ల ఫీజు ఆ పాల డబ్బే.

టీకా వేస్తే పాలు తగ్గుతాయని తలుపు మూసుకున్నదీ మనమే. తగ్గితే రెండు మూడు రోజులు, మళ్లీ వస్తాయి. గాలికుంటు వస్తే ఆ ఈతంతా దండగ. ఇంకొకటి, టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో సంచిలో వేసుకొచ్చినదాన్ని వేయించుకోకండి, ఐస్ పెట్టె ఏదని అడగండి.

మేము కోరేది పెద్దదేమీ కాదు. వానలకు ముందే ఊరూరా టీకా పడాలి. ఆసుపత్రిలో డాక్టరు, సూది మందు రెండూ ఉండాలి. 1962కు ఫోన్ చేస్తే బండి అదే రోజు రావాలి. వచ్చే గ్రామసభకు అందరూ చెవి పోగు నంబర్లు రాసుకుని రండి. ఏ పశువుకు ఏ తేదీన టీకా వేశారో రిజిస్టరు తెప్పించి అక్కడే గట్టిగా చదివిద్దాం.