మనం నింపని మూడో ఫారం

కాన్పు కాగానే జనన ధ్రువపత్రం కోసం పంచాయతీ కార్యదర్శి వెంట పడతాం. ఏడు నెలలు నిండాక కడుపులోనే పోయిన బిడ్డను రాయించడానికీ ఒక కాగితం ఉంది. దాని పేరు ఫారం 3. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దృష్టిలో అదీ పుట్టుకే. 28 వారాలు దాటితే 21 రోజుల్లో తెలియజేయాలి. ఆసుపత్రిలో అయితే వైద్యాధికారి, ఇంట్లో అయితే ఇంటిపెద్ద. మన సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ చుట్టుపక్కల ఆ ఫారం అడిగినవాళ్లం ఎందరం? ఆధార్‌కు అక్కర్లేదు, బడిలో అడగరు. అందుకే వదిలేశాం.

వదిలేయడంలో మన స్వార్థమూ ఉంది. పుట్టిన బిడ్డ చర్మం ఊడొస్తుంటే ప్రాణం ముందే పోయిందంటారు. ఒళ్లు చెక్కుచెదరకుండా ఉంటే చాలావరకు నొప్పులు మొదలయ్యాక, మన చేతుల్లో ఉండగా పోయినట్టే. అది రాస్తే ప్రశ్నలొస్తాయి. గుండె చప్పుడు ఎవరు విన్నారు? పెద్దాసుపత్రికి ఎందుకు ఆలస్యమైంది? ఆసుపత్రి సిబ్బందిమి అక్కడ భయపడ్డాం. ఇంటివాళ్లం, కాళ్లు వాచినా బీపీ చూపించలేదేమని అడుగుతారని భయపడ్డాం. అందరం కలిసి ‘దేవుడు రాసింది’ అనేశాం.

కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద తండాల నుంచి చెరుకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్రలకు పోయేవాళ్లలో గర్భిణులూ ఉంటారు. కాన్పు ఎక్కడైతే నమోదూ అక్కడే అంటుంది చట్టం. అక్కడివాళ్లకు ఆమె ఎవరో తెలియదు, ఇక్కడివాళ్లకు ఏమైందో తెలియదు. ఆశా రిజిస్టర్‌లో కాన్పు కావాల్సిన తేదీ ఉంటుంది, పక్క గడి ఖాళీగా ఉంటుంది. ఆమె ఒట్టి చేతులతో తిరిగి రావడం తండా అంతా చూసింది. అడిగితే ఏడుస్తుందని అనుకుని ఊరుకున్నాం. ఆ దయ కూడా మన తప్పును కప్పుకోవడానికే పనికొచ్చింది.

2019లో దేశంలో ఇలా కడుపులోనే సుమారు 3 లక్షల 40 వేల మంది బిడ్డలు పోయారని, అంటే వెయ్యి కాన్పులకు దాదాపు 14 అని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. మన ఎస్‌ఆర్‌ఎస్ (నమూనా నమోదు వ్యవస్థ) లెక్కలో 2020కి అది 3. లెక్కగట్టే పద్ధతుల్లో తేడా ఉంది, నిజమే. కానీ ఇంత తేడా అందులోంచే రాదు. 2030 నాటికి వెయ్యికి పది లోపుకు తేవాలని 2014లో దేశం లక్ష్యం పెట్టుకుంది. 3 అని రాసుకుంటే ఆ లక్ష్యం ఎప్పుడో చేరినట్టే. ఇక ఆ తండాకు స్కానింగ్, అంబులెన్సు కావాలని ఎవరు అడుగుతారు?

ఒట్టి చేతులతో వచ్చిన ఆమెకు మళ్లీ నెల తప్పుతుంది. కొత్త కార్డు మీద ‘జీ2 పీ1 ఎల్0’ అని రాస్తాం: రెండో గర్భం, ఒక కాన్పు, బతికున్న పిల్లలు లేరు. ఎందుకు లేరో ఎక్కడా ఉండదు. బీపీ పెరిగిందా, ఉమ్మనీరు తగ్గిందా, బిడ్డ అడ్డం తిరిగిందా? అప్పుడే రాసి ఉంటే ఈసారి ముందే సంగారెడ్డి పెద్దాసుపత్రికి పంపేవాళ్లం. రాయలేదు కనుక అందరితోపాటు వరుసలో నిలబెట్టి, ఐరన్ మాత్రలిచ్చి, నొప్పులొస్తే రమ్మని పంపేస్తున్నాం.