రాత్రి రోడ్డు మీద మన హక్కు

కిందటి నెల ఒక సమావేశం ముగించుకుని మా కార్యకర్త, నేను చెరో స్కూటర్ మీద ఇంటికి బయలుదేరాం. రాత్రి పది దాటింది. చౌరస్తాలో పోలీసులు ఇద్దరినీ ఆపారు. నా గుర్తింపు కార్డు మీద 'డాక్టర్' అన్న మాట చూడగానే "మీరు వెళ్లండి మేడమ్" అన్నారు. ఆమె బండి తాళం మాత్రం లాక్కున్నారు. లైసెన్సు అడగకముందే అడిగిన ప్రశ్నలివి: "ఈ టైములో ఎక్కణ్ణుంచి వస్తున్నావ్? మీ ఆయనకు తెలుసా?"

నేను వెళ్లలేదు. తీసుకున్నదానికి రసీదు ఇమ్మన్నాను. అరగంటకు తాళం వచ్చింది, రసీదు రాలేదు. నాకు దొరికిన గౌరవం ఆమెకెందుకు దొరకలేదు? చట్టం ఇద్దరికీ ఒకటే కదా!

ఆ చట్టం ఏమంటోంది? 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. 2018లో నిబంధనలు సవరించాక డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది. లైసెన్సు స్వాధీనం చేసుకుంటే 206వ సెక్షన్ ప్రకారం తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 207 కింద బండిని నిలిపేయవచ్చు. తాళం లాక్కోమని, మొగుడి సంగతి అడగమని ఏ సెక్షనూ చెప్పలేదు.

మద్యం పరీక్ష నుంచి మనం మినహాయింపు కోరడం లేదు. కానీ స్త్రీ రక్తనమూనా తీసే డాక్టరు పురుషుడైతే పక్కన మరో స్త్రీ ఉండాలని 204వ సెక్షన్ చెబుతోంది. అసాధారణ పరిస్థితుల్లో, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో, మహిళా పోలీసు అధికారి ద్వారా తప్ప రాత్రివేళ స్త్రీని అరెస్టు చేయరాదు. 2005 సవరణతో వచ్చిన ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్‌లోనూ ఉంది.

ఇలాంటి రక్షణలు ఎవరి దయవల్లా రాలేదు. 1978లో హైదరాబాద్‌లో రాత్రి సినిమా చూసి భర్తతో తిరిగొస్తున్న రమీజాబీని పోలీసులు పట్టుకున్నారు. స్టేషన్లో ఆమెపై అత్యాచారం జరిగిందని, భర్త పోలీసు దెబ్బలకే చనిపోయాడని ముక్తదర్ కమిషన్ తేల్చింది. అయినా బోనెక్కింది ఆమె నడవడికే. మొన్న చౌరస్తాలో విన్న ప్రశ్నలో నాకు ఆ పాత ప్రశ్నే వినిపించింది.

సెక్షన్లు తెలిసినంత మాత్రాన ఒంటరి స్త్రీకి ఆ చీకట్లో ధైర్యం రాదు. పక్కన నేను లేకుంటే మా కార్యకర్త ఏమయ్యేది? అందుకే ఇది సంఘాల పని. మన న్యాయ అవగాహన తరగతుల్లో ఈ సెక్షన్లు చేరాలి. ఆపిన అధికారి పేరు, స్థలం, సమయం రాసుకోవడం, రసీదు అడగడం, మర్నాడు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయడం అలవాటు కావాలి. రాత్రి తనిఖీల్లో మహిళా పోలీసులు ఉండాలని ప్రతి జిల్లాలో డిమాండ్ చేయాలి.

బండి కాగితాలు చూపించడం మన బాధ్యత. రాత్రిపూట రోడ్డు మీద ఎందుకున్నామో సంజాయిషీ చెప్పుకోవడం మాత్రం కాదు.